తెల్లంచు తీసేసిన రోజు

సర్వీసు పని నేర్చుకుంటున్న పిల్లలకు నాలుగు ముక్కలు రాసివ్వమని మా పాత షాపు ఓనరు ఫోన్ చేసిండు. పనిల ఉన్నన్ని రోజులు నా మాట ఒక్కటి వినని మనిషికి ఇప్పుడు నా అనుభవం మస్తు విలువైందయ్యింది. ప్రైవేటు షాపుల రిటైర్మెంటంటే ఏందో మీకు తెలువది గదా, చెప్త. దండ ఉండదు, శాలువా ఉండదు. "ఇంక మీరు రెస్ట్ తీసుకోండి" అని ఓనరు నవ్వుకుంట అంటే, రేపటి నుంచి రావొద్దని అర్థం. గట్ల రెస్ట్ తీసుకోబట్టి నాకు రెండేండ్లాయె.

నేను బాగుచేసిన ప్రింటర్ల గురించి చెప్తే మీకు నిద్రొస్తది. అందుకని మంచిగ బాగుచేసి, ఒక మనిషిని ఆగం చేసిన ప్రింటరు గురించి చెప్త.

మా షాపు మణుగూరుల మెయిన్ రోడ్డు మీద. గనుల ఆఫీసుల్ల టకటక కొట్టుకునే పాత ప్రింటర్ల కాడి నుంచి, ట్యాంకులల్ల ఇంకు పోసుకునే ఇంటి ప్రింటర్ల దాక అన్నిటి పొట్టలు ఇప్పి చూసిన. నాతోని ఇంకో మెకానిక్ ఉండె. ఆయనకు తెలిసిన వైద్యం ఒక్కటే, హెడ్ క్లీనింగ్, అంటే ఇంకు చిమ్మే ముక్కును ఇంకుతోనే కడిగించుడు. రంగు తగ్గినా హెడ్ క్లీనింగే, కాయితం ఇరుక్కున్నా హెడ్ క్లీనింగే, వైరు ఊడిపోయి ఉన్నా ముందుగాల హెడ్ క్లీనింగే. క్లీనింగు చేసినప్పుడల్ల ట్యాంకుల ఇంకు దిగుతది, ఇంకు అయిపోతే కస్టమరు మన షాపుకే వస్తడు. అందుకే మా ఓనరుకు ఆయనంటే ప్రాణం. నన్ను మాత్రం "మీరు మరీ తొందరగా బాగుచేసేస్తారండీ" అని కసురుకునేటోడు. ఓనరు వాళ్ళ నాయిన కాలంల కోస్తా నుంచి వచ్చినోళ్ళు. తిట్టేటప్పుడు గూడ అండీ పోదు.

ఒకరోజు పొద్దున ఫోనొచ్చింది. మణుగూరు నుంచి అడవిలకు గంట ప్రయాణం ఉండే ఊర్ల ఆడపిల్లల హాస్టలు బడి ఉంది. దానికి వార్డెన్ మేడం. ఆమెది మధిర దిక్కు, పొలాలున్న ఇల్లు. బడి పక్కనే ఆమె క్వార్టరు. సొంత జీతంతోని మా షాపులనే ఇంటికి ఒక ప్రింటరు కొనుక్కున్నది.

"ఫోటో చుట్టూ తెల్ల అంచు వస్తోందండీ."

"రానీయండి మేడం, ఏమైతది?"

"ఏమవుతుందేమిటండీ! స్టూడియో ఫోటోకి ఉంటుందా తెల్ల అంచు? చూస్తుంటే ఒళ్ళు మండిపోతోంది. శనివారం ఫంక్షనండీ, నలభై ఫోటోలు ఇవ్వాలి."

సరే, ఫోన్‌లనే బాగుచేద్దామనుకున్న. ఆ ఊర్ల సిగ్నలు దొరికేది ఒక్క జాగలనే, బడి డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన. ప్రింటరేమో కింద క్వార్టర్ల. మేడం ట్యాంకు పక్కన నిలబడి నేను చెప్పింది కిందికి కేకేస్తది. మెట్ల మీద నిలబడ్డ పిల్లలు ఒకరి నుంచి ఒకరు అందుకుంటరు. ఆఖర్ల ప్రింటరు దగ్గర వంటవ్వ నిలబడి బటను నొక్కుతది. ఏమైందో మళ్ళ అదే దారిల పైకి రావాలె. నేను "ఇప్పుడు నొక్కమనండి" అంటే, జవాబొచ్చేసరికి నా చాయ చల్లారిపోయేది. గంటన్నర నడిచింది ఈ వైద్యం. తర్వాత తెలిసిందేందంటే, కింద కరెంటు పోయి గంటయ్యిందంట. వంటవ్వ మాత్రం నొక్కమన్నప్పుడల్ల నొక్కుకుంటనే ఉన్నదంట పాపం.

తెల్లారి మా హెడ్ క్లీనింగ్ మహానుభావుడు పోయిండు. ఆరుసార్లు క్లీనింగు చేసి, మేడం పెట్టిన పెసరట్లు తిని, "ఇంకు పోయించుకోండి" అని చెప్పి వచ్చిండు. ఇంకు సగమైంది. తెల్లంచు మాత్రం ఇంకింత తళతళ మెరిసిందంట.

శనివారం పొద్దున నేను బండేసుకొని పోయిన. ఎండాకాలం మొదలు, అడవంత ఇప్పపువ్వు వాసన. నాకైతే ఆ వాసన కన్న, మా వాడు చెయ్యలేంది నేను చేసి చూపిస్త అన్న ఉషారే ఎక్కువుండె. అది రాసిపెట్టుకోండి, ఈ కథల తప్పు అక్కణ్నే మొదలైంది.

ఫంక్షను ఎవరికనుకున్నరు? ఆ బటను నొక్కిన వంటవ్వకే. పక్క గూడెం మనిషి, కోయామె. ఆ బడి పెట్టినప్పటి నుంచి రోజుకూలి మీద వండుతున్నది. వయసైపోయిందని ఎవరో పెద్దసారు వచ్చి కూలి బందు పెట్టమన్నడు. బందు పెట్టినందుకు సన్మానం పెట్టిన్రు. మేడం మనసు మంచిదే, అబద్ధమెందుకు చెప్పాలె. అందరు కలిసి దిగిన ఫోటో ప్రింటు తీసి, పిల్లలకు ఒకటొకటి ఇచ్చి, అవ్వకు ఫ్రేము కట్టించి ఇద్దామనుకున్నది. ఫ్రేము భద్రాచలం నుంచి తెప్పించి బీరువల దాచిపెట్టింది.

ఆ ఫోటో ఫోన్‌ల చూపించిన్రు. బడి మెట్ల మీద పిల్లలు మూడు వరుసలు, నడుమ మేడం, అటిటు టీచర్లు. ఎడమ చివరన, ఇగ అంతకన్న చివర లేదన్నట్టు, వంటవ్వ. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే పిలిచిన్రంట, గరిటె చేతులనే ఉన్నది. ఎవరికోసమైతే ఫోటో దిగిన్రో, ఆ మనిషిని నడుమ నిలబెట్టాలని ఒక్కరికి తోచలే. ఆమె కూడ నడుమకు రాలే. ఏ ఫోటో దిగినా ఆమె గట్లనే ఒక పక్కకు ఒరిగి నిలబడేదంట. సగం ఫోటోలల్ల పళ్ళేలు కడుగుతుండేదంట.

నేను ప్రింటరు మూత తీసి చూస్తుంటే గడప దగ్గరకొచ్చి నిలబడ్డది.

"సారూ, ఫోటో ఇయ్యాల అయితదా?"

"ఎందుకు కాదమ్మా? నేను వచ్చిన గదా."

"నా మొగడు పోయినప్పుడు ఇంట్ల ఆయన బొమ్మ ఒక్కటి లేకపాయె సారూ. ఆధారు కార్డు మీదిది మణుగూరు తీసుకపోయి పెద్దగ చేయించినం. నల్లగ మసి లెక్క వచ్చింది. దినాలకొచ్చినోళ్ళు ఇదెవరిదని అడిగిన్రు." చెంగుతోని మొఖం తుడుచుకున్నది. "నాకు గట్ల కావొద్దు. రేపు నేను పోతే మా పిల్లలు దండ ఏసేటందుకు మంచి బొమ్మ ఒకటుండాలె. అంతే."

మణుగూరుల ఆధారు కార్డు బొమ్మలు పెద్దగ చేసిచ్చే షాపులు ఎన్నో లేవు, అండ్ల మాదొకటి. నాకెందుకో దగ్గొచ్చింది. నీళ్ళిచ్చింది, తాగిన.

పని మొదలుపెట్టిన. కంప్యూటర్ల కాయితం రకం కాడ మామూలు కాయితం అని ఉన్నది. గట్లుంటే ఈ ప్రింటర్లు అంచు దాక పోవు. ఫోటో పేపరని మార్చిన. సైజు ఒకటి పెట్టి, లోపల ఇంకో సైజు కాయితం పెట్టిన్రు, సరిచేసిన. బోర్డర్‌లెస్ అని, అంటే అంచు లేకుంటనని, ఒక గడి ఉంటది, అండ్ల టిక్కు కొట్టిన. ఒకటి తీస్తే మూడు పక్కల తెలుపు పోయింది. ఎడమపక్క మాత్రం వెంట్రుకంత గీత మిగిలింది.

ఇక్కడ జరంత చెవి పెట్టి వినండి. బోర్డర్‌లెస్ అంటే మాయ ఏంలేదు. ప్రింటరు బొమ్మను కాయితం కన్న కొంచెం పెద్దగ చేస్తది. కాయితం దాటిపోయిన బొమ్మ కింద స్పాంజి మీద పడతది, ఆ ఇంకు స్పాంజి తాగుతది. బొమ్మ ఎంత పెద్దగ కావాల్నో చెప్పేటందుకు తక్కువ, మధ్య, ఎక్కువ అని ఒక గీత మీద జరుపుకునే బటను ఉంటది. నేను దాన్ని ఎక్కువ దాక జరిపిన. అది చాలదన్నట్టు కాయితాన్ని ఇంత కుడికి నూకిన. ఎడమపక్క గీత మాయమైంది. ఇదంత నాకు ఇరవై ఏండ్ల నుంచి తెలిసిన సంగతే. తెలువక చేసి ఉంటే ఇయ్యాల ఇంత బాధ ఉండకపోను.

మేడం చప్పట్లు కొట్టింది. "అబ్బ! స్టూడియోలో తీసినట్టే ఉందండీ!"

నేను ఫోటోను వెలుతురుకు పెట్టి నాలుగంచులు వేలుతోని తడిమి చూసిన. ఎక్కడన్న తెల్లగ ఉన్నదా అని చూసిన. మనుషులున్నరా లేరా అని చూడలే. ప్రింటర్లు బాగుచేసేటోడికి ఫోటోల కనపడేది కాయితమే. నలభై ఒక్క కాపీలు కొట్టేసిన, ప్యాకెట్ల ఫోటో పేపరు అయిపోయింది. అంతకు ముందు మూడురోజుల నుంచి తీసి పారేసిన తెల్లంచు ప్రింటులు ఒక గంప నిండ ఉన్నయి. "ఈ దరిద్రం నా కళ్ళ ముందుండొద్దండీ" అన్నది మేడం. వంటవ్వ ఆ గంప ఎత్తుకొని పోయింది.

పన్నెండున్నరకు అన్నం పెట్టింది అవ్వ. మునగాకు పప్పు, ఎండు చేపల పులుసు. ఏం చేతమ్మా అది! ఆ పప్పు రుచి ఇంకా నా నాలుక మీదనే ఉన్నది. నేను రెండోసారి అన్నం కలుపుకుంటుంటే పక్కన నిలబడి మెల్లగ అడిగింది.

"నేను పడ్డనా సారూ ఫోటోల?"

"పడ్డవ్, పడ్డవ్" అన్న. నోట్ల ముద్ద ఉన్నది. తల కూడ ఎత్తలే.

ఆమె మొఖం ఎట్ల వెలిగిందో చెప్దామంటే నాకు తెలువది. నేను చూడలే గదా.

మూడు గంటలకు ఫంక్షను. నేను పోవచ్చు, పోలే. నా పనితనం అందరి ముందట బయటికి తీస్తుంటే చూడాలని ఒక చాపల్యం. మేడం నాలుగు మాటలు చెప్పి ఏడ్చింది, పిల్లలు ఏడ్చిన్రు. అవ్వ ఏడ్వలే, పిల్లలకు సాయంత్రం టిఫినెవరు పెడతరని పక్క టీచరును అడుగుతున్నది. మేడం బీరువల నుంచి తెచ్చిన ఫ్రేము, లోపల నేను కొట్టిన ఫోటో, అవ్వ చేతుల పెట్టింది.

అవ్వ ఫ్రేమును పొర కమ్ముతున్న కండ్ల దగ్గరకు తెచ్చుకున్నది. వేలు పెట్టి కుడి నుంచి ఎడమకు జరుపుకుంట వచ్చింది. ఒక్కొక్క పిల్ల మీద ఆగి, పేరు గొణుక్కుంట, నవ్వుకుంట వచ్చింది. వేలు ఎడమ చివరకొచ్చింది. అక్కడ ఒక మోచెయ్యి, గరిటె కాడ ఉన్నయి. వేలు ఫ్రేము కట్టె మీదికెక్కింది. ఆమె గోరుతోని ఆ కట్టెను లేపబోయింది. ఫ్రేమును పక్కకు వంచి సందులకు చూసింది. తిరగేసి వెనక చూసింది.

మేడం "ఏమయిందవ్వా?" అన్నది.

"ఏంలేదమ్మా. ఫ్రేము కింద ఉన్ననేమో అని."

ఫ్రేము కింద లేదు. ఎక్కడున్నదో అక్కడున్నోళ్ళల్ల ఒక్క నాకే తెలుసు. ప్రింటరు పొట్టల, స్పాంజి మీద ఉన్నది. నలభై ఒక్కసార్లు ఆ తల్లి మొఖం ఆ స్పాంజి మీద ఇంకై పడ్డది, నేను దగ్గరుండి పోయించిన. ఆమె మాత్రం నా దిక్కు ఒక్కసారి చూసి, ఫ్రేమును రొమ్ముకు ఆనించుకొని, "మంచిగుందమ్మా, పిల్లలందరు మంచిగ పడ్డరు" అన్నది.

నేను క్వార్టరుకు ఉరికిన. ఫోటో పేపరు లేదు. అప్పుడు గంప యాదికొచ్చింది. మూడురోజుల నుంచి పారేసిన ప్రింటులు అన్నిట్ల, ఆ తెల్లంచు ప్రింటులు అన్నిట్ల, అవ్వ నిండుగ ఉండె. గరిటెతోని సహ ఉండె. వంటింట్లకు పోతే గంప ఖాళీ.

ఎనకనే వచ్చిన అవ్వ చెప్పింది. "అవి పొద్దున పొయ్యిల పెట్టిన సారూ. మండనే లేదు, ఒకటే పొగ."

అంటే నేను లొట్టలేసుకుంట తిన్న ఆ పప్పు దేని మీద ఉడికిందో లెక్కేసుకోండి. ఆమె బొమ్మలు ఆమే కాల్చి, నాకు వండిపెట్టింది. నేనేమో ముద్ద మింగుకుంట పడ్డవ్ పడ్డవ్ అన్న. నలభై జతల పైన ప్యాంటు షర్టులు చింపిన సర్వీసుల ఇంత సిగ్గు నాకెన్నడు కాలే.

"అమ్మా, ఫోటో పెన్ డ్రైవుల ఎక్కించుకపోత. షాపుల ప్రింటు తీసి నేనే మీ గూడెం తెచ్చిస్త" అన్న.

"తే సారూ" అన్నది. నమ్మినట్టు గాని, నమ్మనట్టు గాని అనలే. సాయంత్రం ట్రాక్టరు ఎక్కి పోయింది. ఒడిల ఫ్రేము, కాళ్ళ దగ్గర చెంబు, గిన్నె.

సోమవారం షాపుల సంగతి చెప్తే మా హెడ్ క్లీనింగ్ మహానుభావుడు అన్నడు, "అన్నా, నేను ఆరుసార్లు క్లీనింగు చేసినా ఆ అవ్వ ఫోటోలనే ఉండె గదా." జీవితంల మొదటిసారి ఆయన చెప్పింది కరెక్టని ఒప్పుకున్న. మా ఓనరు ఇంకో దిక్కు నుంచి, "తెల్ల అంచుతో ప్రింటు మన షాపు నుంచి బయటికెళితే పరువేం కావాలండీ?" అన్నడు. పరువంట! నేను తెల్లంచు పెట్టే తీసిన. పెద్ద సైజుల తీసిన. చుట్టు బొటనవేలంత తెలుపు.

తీసినోడ్ని ఎమ్మటే పోవాల్నా వద్దా? పోలే. ఇయ్యాల ఎండ, రేపు సర్వీసు కాల్, ఎల్లుండి బండి పంక్చరు. నిజం చెప్పాలంటే ఆమె ముందటికి పోనీకి మొఖం చెల్లలే. ఆ కవరు నా టూల్ బ్యాగుల ఇరవై రోజులు తిరిగింది. ఆఖరికి మా ఇంటామె ఆ కవరు చూసి, సంగతి విని, "ఆ ముసలామెకు ఏమన్న అయితే అప్పుడు తీసుకపోయి దండ ఏసొస్తవా?" అన్నది. తెల్లారి పోయిన.

గూడెంల ఆమె ఇంటి ముందట ఇప్పపువ్వు ఆరబోసి ఉన్నది. అవ్వ కోళ్ళను అదిలించుకుంట కూసున్నది. నన్ను చూసి లేచింది. "వచ్చినవా సారూ" అని లోపలికి పిలిచి మంచం వాల్చింది.

గోడ మీద ఫ్రేము ఉన్నది. నేను కొట్టిన ప్రింటే, మోచెయ్యి, గరిటె కాడ. ఆ ఫ్రేము పక్కన మట్టిగోడ మీద, సరిగ్గ ఆ మోచెయ్యి బయటికి పోయిన కాడ నుంచి, ఎవరో బొగ్గుతోని మనిషిని గీసిన్రు. భుజం, మెడ, ముడేసిన కొప్పు, ఇంత పెద్ద నవ్వు. ఫ్రేముల సగం, గోడ మీద సగం.

"నా మనుమరాలు గీసింది" అన్నది అవ్వ. "వచ్చినోళ్ళందరు అవ్వ ఏదీ, అవ్వ ఏదీ అంటున్నరని."

ఇన్నేండ్ల సర్వీసుల అసలు సిసలు బోర్డర్‌లెస్ నేను చూసింది అదొక్కటే. ఆరేండ్ల పిల్ల చేసింది, ఏ సెట్టింగూ మార్చకుంట.

నేను కవరు తీసి ఇచ్చిన. ఆమె చూడలే. కండ్లల్ల పొర ఈ ఇరవై రోజులల్ల ముదిరిందంట, వాకిట్లకు తీసుకపోయినా మసకగనే కనపడుతున్నదంట. కవరు మళ్ళ నా పక్కన మంచం మీద పెట్టి, పొయ్యి దగ్గరికి పోయి పళ్ళెంల అన్నం పెట్టుకొచ్చింది. మునగాకు పప్పే. నేను చెయ్యి చాపిన. ఆమె పళ్ళెం ఇయ్యలే, అట్లనే పట్టుకొని నిలబడ్డది.

"నేను పడ్డనా సారూ?"

నోరు తెరిచిన.

"ఆగు. తినుకుంట చెప్పకు. ఈసారి చూసి చెప్పు."

నేను మంచం మీద నుంచి లేచిన. అద్దాలు పెట్టుకున్న. ఫోటో పట్టుకొని వాకిట్లకు పోయి ఎండల నిలబడ్డ. ముందుగాల ఎడమపక్కనే చూసిన. తెల్లంచుకు ఇవతల గరిటె ఉన్నది, గరిటె పట్టుకున్న చెయ్యి ఉన్నది, పచ్చచీర ఉన్నది, కొప్పు ఉన్నది. ఎండకు కండ్లు చిట్లించుకొని, పొయ్యి మీద పప్పు మాడుతదేమోనన్న కంగారుతోని నవ్వుతున్న మొఖం నిండుగ ఉన్నది. మళ్ళొకసారి చూసిన.

"పడ్డవమ్మా" అన్న. "మొత్తం పడ్డవ్."

అప్పుడు పళ్ళెం ఇచ్చింది.